ట్రైనింగ్ పీక్స్ సీజన్ ప్లానర్: వైజాగ్ వాతావరణానికి ఎంతవరకు పనికొస్తుంది?

హాఫ్ (1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు) గానీ దానికి రెట్టింపైన ఫుల్ డిస్టెన్స్ గానీ, ఆరేడు నెలల ట్రయాథ్లాన్ సీజన్ రాసుకోవడానికి ట్రైనింగ్ పీక్స్ అనే శిక్షణ సాఫ్ట్‌వేర్‌లోని యాన్యువల్ ట్రైనింగ్ ప్లాన్ కంటే మంచి పనిముట్టు నాకు కనబడలేదు. అయితే అది అడిగే మొదటి ప్రశ్న దగ్గరే వైజాగ్ వాళ్లు ఆగి ఆలోచించాలి. ప్లాన్ దేని మీద కట్టాలి: వారానికి ఇన్ని గంటలనా, ఇంత టీఎస్ఎస్ (ట్రైనింగ్ స్ట్రెస్ స్కోర్, శిక్షణ భారాన్ని కొలిచే అంకె) అనా, రేసు నాటికి ఇంత ఫిట్‌నెస్ అనా? గంటలే ఎంచుకోండి.

కారణం ఇది. థ్రెషోల్డ్ (దాదాపు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ శ్రమ) దగ్గర గంటసేపు శ్రమిస్తే టీఎస్ఎస్ 100. సైకిల్ మీద వాట్లు కొలిచే పవర్ మీటర్ ఉంటే ఆ లెక్క నమ్మొచ్చు. ఎండలో శరీరానికి భారం పెరిగినా 200 వాట్లు 200 వాట్లే. పరుగులో లెక్క పేస్ (పరుగు వేగం) మీద నడుస్తుంది. మే నెలలో బీచ్ రోడ్డు మీద తెల్లారకముందే ఉక్కపోత మొదలవుతుంది. అదే శ్రమకు పేస్ పడిపోతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని తేలిక పరుగుగా రాసుకుంటుంది. అంకె పూరించాలని ఇంకో నాలుగు కిలోమీటర్లు కలిపితే పిక్కలు, చీలమండలు చెబుతాయి సంగతి. పోనీ గుండె వేగంతో లెక్క కట్టించుకుందామంటే, ఉక్కకి గుండె వేగం పైకి జారి అంకె ఉబ్బిపోతుంది. పేస్ లెక్క తక్కువ చెబుతుంది, గుండె లెక్క ఎక్కువ చెబుతుంది. రెంటినీ ఒకే వారంలో కూడితే వచ్చే మొత్తానికి అర్థం లేదు.

ప్లాన్ కట్టేటప్పుడు 'A' ప్రాధాన్యం రేసు, అంటే అన్నిటికంటే ముఖ్యమైనది, ఒక్కటే పెట్టండి, మిగతావి 'B', 'C'. రేసు తేదీ నుంచి వెనక్కి 28 వారాలు లెక్కేసి మొదలుపెట్టండి. సగటున వారానికి హాఫ్‌కి 9 గంటలు, ఫుల్‌కి 12 గంటలు ఇస్తే ప్రిపరేషన్ (సన్నాహం), బేస్ (పునాది), బిల్డ్ (తీవ్రత పెంపు), పీక్ (రేసు ముందు పదును) అని అదే విడగొట్టి, ఏ వారానికి ఎన్ని గంటలో పంచిపెడుతుంది. విశ్రాంతి వారం నాలుగింటికోసారా, మూడింటికోసారా అన్నదీ అడుగుతుంది. నలభై దాటినవాళ్లు, స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు మూడుకే వెళ్లాలి. నిద్ర చెడిన వారాలు గ్రాఫ్‌లో కనబడవు.

ఇక అసలు పని చేత్తో చేయాల్సిందే. గోవాలో జరిగే హాఫ్ ట్రయాథ్లాన్ ఇటీవలి ఏళ్లలో అక్టోబర్, నవంబర్ నెలల్లో జరుగుతోంది. అంటే బేస్ మండుటెండల్లో, బిల్డ్ వానల్లో పడతాయి. భీమిలి దాకా వెళ్లొచ్చే లాంగ్ రైడ్‌ని తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించేలా గంటలు సర్దండి. మిగిలిన సమయాన్ని ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని బిగించి కదలకుండా తొక్కే స్టాండ్) మీద, ఎదురుగా ఫ్యాన్ పెట్టుకుని పూర్తిచేయొచ్చు. వినాయక నిమజ్జనాల రోజుల్లో బీచ్ రోడ్డు మీద లాంగ్ రైడ్ పెట్టుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యం అక్టోబర్. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న. అలాంటిది ఏటా రాదు గానీ, రోడ్ల మీద చెట్లు పడటానికి, వారం పాటు కరెంటు, ట్రైనింగ్ రెండూ దెబ్బతినడానికి ఒక మోస్తరు తుఫాను చాలు. నవంబర్ రేసైతే అతిపెద్ద బ్రిక్ (సైకిల్ దిగగానే పరుగు) వారాన్ని సెప్టెంబర్ చివరికి జరిపి, అక్టోబర్‌లో ఒక వారం గంటల్ని సగానికి తగ్గించి ఖాళీగా ఉంచండి. తుఫాను రాకపోతే తప్పిన లాంగ్ రన్ అక్కడ పెట్టుకోవచ్చు. వస్తే ప్లాన్ విరగదు.

ఈతలో ఈ సాఫ్ట్‌వేర్ బాగా బలహీనం. ఈత టీఎస్ఎస్ థ్రెషోల్డ్ పేస్‌తో పోల్చి లెక్కిస్తుంది, పైగా తీవ్రత అంకెను ఘనం (క్యూబ్) చేస్తుంది కాబట్టి పేస్‌లో చిన్న తప్పు అంకెలో పెద్దదవుతుంది. చెయ్యి నీళ్లలో మునిగినప్పుడల్లా వాచీకి జీపీఎస్ అందదు, అలలూ ప్రవాహమూ పేస్‌ని మార్చేస్తాయి. కాబట్టి థ్రెషోల్డ్ పూల్‌లోనే 400, 200 మీటర్ల టెస్టుతో తేల్చుకుని, ఈతని మీటర్లలోనే రాసుకోండి. సముద్రంలోకి దిగడం ఋషికొండ దగ్గర, తోడుతో, సముద్రం నెమ్మదిగా ఉన్న నెలల్లో మాత్రమే. ఆర్కే బీచ్ దగ్గర లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాలు తీశాయి, అక్కడ దిగొద్దు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పూల్‌లోనే, గోడని తాకకుండా మలుపు తిరుగుతూ 1.9 కిలోమీటర్లు ఆగకుండా ఈదితే సముద్రపు ఈతకి చాలావరకు తయారవుతారు.

ఇంకో సంగతి, ఈ ప్లాన్ గంటలే ఇస్తుంది, రోజువారీ వర్కౌట్లు మీరే నింపాలి. తొమ్మిది గంటల వారానికి సైకిల్ నాలుగున్నర, పరుగు రెండున్నర, ఈత రెండు గంటలు మంచి పంపకం. ఫిట్‌నెస్ గీత, అంటే రోజువారీ టీఎస్ఎస్‌కి 42 రోజుల సగటు, వారానికి ఐదారు పాయింట్లకు మించి పెరుగుతుంటే వచ్చే వారం గంటలు కోయండి. చివరి రెండు వారాల్లో గంటలు తగ్గించండి గానీ రేసు వేగంతో చేసే చిన్న ముక్కలు మానేయొద్దు.

ఉచిత ఖాతాలో ఈ ప్లానర్ గానీ ఫిట్‌నెస్ గ్రాఫ్ గానీ ఉండవు, రెండూ ప్రీమియంలోనే. ధర డాలర్లలో కాబట్టి కార్డు మీద బ్యాంకు వేసే విదేశీ మారకం రుసుమూ కలుపుకోండి. నెలనెలా కంటే ఏడాదికి ఒకేసారి కడితే నెలకు తక్కువ పడుతుంది. కోచ్ ఉంటే వారి ఖాతా నుంచి మీకు ప్రీమియం వస్తుందేమో అడిగాకే డబ్బు కట్టండి. మొదటిసారి ఒలింపిక్ దూరం (హాఫ్ కంటే చిన్నది) చేసేవాళ్లకు గోడ క్యాలెండర్ చాలు, ఇది కొననక్కర్లేదు.