నన్నయ ఆదిపర్వం, టీకాతాత్పర్యాలతో: ఒక ముద్రణపై సమీక్ష

ఇటీవల కొన్న ఈ సంపుటి విలువ శకుంతలోపాఖ్యానం దగ్గరే తేలిపోయింది. ‘నూతులు నూరిటికంటె’ ఒక బావి (దిగుడుబావి) మేలని, అలాంటి బావులు నూరింటికంటె ఒక క్రతువు, దానికంటె పుత్రుడు, అంతకంటె సత్యవాక్యం మేలని శకుంతల దుష్యంతునితో చెప్పే పద్యం కిందనే వ్యాసుని ‘వరం కూపశతాద్వాపీ’ శ్లోకాన్ని ముద్రించడం వల్ల, సంస్కృతంలోని ‘కూపం’ అచ్చ తెలుగు ‘నూయి’గానూ, ‘వాపి’ తన తద్భవమైన ‘బావి’గానూ మారిన తీరు ఒక్క చూపులో తెలిసిపోతుంది. నాలుగు చిన్న అనుష్టుప్ పాదాలను నన్నయ ఒక నిండు చంపకమాలగా విస్తరించిన నేర్పును ఇంత దగ్గరగా చూపే ముద్రణ నాకు ఇదివరకు దొరకలేదు.

11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని కోరికపై మొదలైన ఈ కావ్యం ‘శ్రీవాణీగిరిజాః’ అనే సంస్కృత శ్లోకంతోనే ప్రారంభమవుతుంది. అయితే 848 నాటి అద్దంకి శాసనంలో అప్పటికే తరువోజ అనే దేశి ఛందస్సులో పద్యం ఉందని పీఠిక గుర్తుచేయడం బాగుంది. నన్నయకు ముందు తెలుగులో పద్యమే లేదనుకునేవారు ఆ పుటలు తప్పక చదవాలి.

లోపాలూ లేకపోలేదు. అరసున్నలు చాలాచోట్ల ఎగిరిపోయాయి, పద్యాల అకారాది సూచిక లేదు, కుట్టు బిగువుగా ఉండటంతో లోపలి అంచున అక్షరాలు మడతలో దాగిపోతున్నాయి. వీటిని సరిచేస్తే మరో ప్రతి కొని మా ఊరి గ్రంథాలయానికి ఇస్తాను.