క్లే బార్, మిట్, టవల్, డిస్క్: అన్నీ అరిగేదాకా వాడాక

కడిగి తుడిచిన కారు బానెట్ మీద, చేతికి పల్చటి పాలిథీన్ కవరు తొడుక్కుని వేళ్లు మెల్లగా జరిపి చూడండి. గరగరమంటే పెయింటులో ఏదో దిగబడి ఉన్నట్టే. బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను, తారు చుక్కలు, పక్కింటి గేటుకు రంగు కొట్టినప్పుడు ఎగిరొచ్చిన తుంపర్లు షాంపూకి లొంగవు. వీటిని లాగేసేది క్లే, అంటే పెయింటు మీద రుద్దే మెత్తటి బంకముద్ద. బార్ (ముద్ద), మిట్ (చేతి తొడుగు), టవల్, మెషీన్ డిస్క్ అని నాలుగు రూపాల్లో దొరుకుతుంది. నాలుగూ పని చేస్తాయి. తేడా అంతా పెయింటు మీద అవి వదిలే సన్నటి గీతల్లోనే ఉంది.

నల్ల కారైతే ఇంకో ఆలోచన వద్దు, ఫైన్ గ్రేడ్ (బిరుసు తక్కువ రకం) బార్ తీసుకోండి. 50 గ్రాముల ముక్క తీసి, పిసికి, అరచేతిలో మూడు వేళ్ల వెడల్పున బిళ్లలా చేసుకోవాలి. మురికి ముద్దలోకి దిగుతుంది, కంటికి కనిపిస్తుంది. మడిచి మళ్లీ పిసికితే కొత్త ముఖం వస్తుంది. ఎక్కడ పట్టేస్తోందో, ఎక్కడ జారుతోందో వేలికొసలకు తెలిసిపోతుంది. ఈ సుళువు మిగతా మూడింటిలో లేదు. ఇబ్బందులూ ఉన్నాయి. చిన్న కారుకే గంట, గంటన్నర పడుతుంది. కింద పడితే ఆ ముక్క చెత్తబుట్టకే, ఎంత కడిగినా లోపలికి దిగిన ఇసుక రాదు. మే నెల ఎండల్లో మెత్తబడి పెయింటుకు అంటుకుంటుంది. నీడలో, బానెట్ చల్లారాకే పట్టాలి, ముక్కను మధ్యమధ్య చన్నీళ్లలో ముంచాలి. చలికాలం పొద్దున గట్టిపడితే గోరువెచ్చని నీళ్లు చాలు.

మిట్, టవల్ నిజానికి మట్టి ముద్దలు కావు. మైక్రోఫైబర్ బట్ట మీద రబ్బరులాంటి పల్చటి పాలిమర్ పొర అంతే. బార్‌తో పట్టే సమయంలో సగంలో పని అయిపోతుంది, కింద పడితే కడుక్కుని వాడొచ్చు. కానీ మురికి లోపలికి దిగే చోటు లేదు కాబట్టి ముఖం మీదే ఉండి పెయింటు వెంట ఈడ్చుకుపోతుంది. అందుకే రెండడుగుల మేర అయిన ప్రతిసారీ బకెట్లో జాడించాల్సిందే. ఇది మానేసి, టవల్ వల్ల గీతలు పడ్డాయనేవాళ్లే ఎక్కువ. కొత్తదాన్ని ముందు ముందరి అద్దం మీద లూబ్రికెంట్‌తో (క్లే జారడానికి కొట్టే ద్రవం) రెండు నిమిషాలు రుద్ది, పైపొర బిరుసు తీశాకే పెయింటు మీదికి తేవాలి. రెండింట్లో నా ఓటు టవల్‌కే. మిట్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, మందం వల్ల చేతికి ఏమీ తెలియదు. టవల్‌కు శత్రువు వేడి. మడిచి ఎండలో నిలిపిన కారు డిక్కీలో పడేస్తే రబ్బరు ముఖాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, విప్పేటప్పుడు పొర ఊడుతుంది. మధ్యలో ప్లాస్టిక్ షీటు పెట్టి నీడలో దాచండి.

డిస్క్ సంగతి క్లుప్తంగా: డీఏ పాలిషర్‌కు (తిరుగుతూనే ఊగే పాలిష్ మెషీన్) తగిలించి, అతి తక్కువ వేగంలో, అదమకుండా తిప్పాలి. గీతలు దాదాపు ఖాయం. తర్వాత ఎలాగూ పాలిష్ పెట్టే డీటెయిలింగ్ షాపులకు లాభం, ఒక్క కారున్న ఇంటికి దండగ.

గ్రేడును క్లే రంగు చూసి కొనకండి. ఒక కంపెనీ నీలం ఇంకో కంపెనీ ఎరుపు కావచ్చు, లేబుల్ చదవాలి. హెవీ గ్రేడ్ (బిరుసు రకం) ఏ రూపంలోనైనా పాలిష్ తప్పనిసరి చేస్తుంది.

లూబ్రికెంట్ దగ్గర పిసినారితనం పనికిరాదు. రిన్స్‌లెస్ వాష్ (మళ్లీ నీళ్లతో కడగనక్కర్లేని కారు షాంపూ) ద్రావణాన్ని 1:64 పాళ్లలో, అంటే లీటరు నీళ్లకు 15 మి.లీ. కలిపి స్ప్రే సీసాలో పోసుకుంటే సరిపోతుంది. గిన్నెల సబ్బుకు నురగ ఎక్కువ, జారుడు తక్కువ. క్లే కిర్రుమన్నా, ఆగి ఆగి కదిలినా ఇంకొంచెం కొట్టండి. గుండ్రంగా కాదు, నిలువుగానో అడ్డంగానో రుద్దాలి. చెయ్యి బరువు కూడా మోపకూడదు.

అసలు సగం పని క్లే పట్టకముందే అవ్వాలి. విశాఖలో పోర్టు వైపు, స్టీల్ ప్లాంట్ వైపు నిలిపే కార్లకు ముందు ఐరన్ రిమూవర్ కొట్టండి. ఇనుము ఉన్న చోటల్లా ఊదా రంగు కారుతుంది, కంపు భరించక తప్పదు. మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి, ఆరకముందే కడిగేయాలి. తారుకు తారు రిమూవర్. దాన్ని పూర్తిగా కడిగాకే క్లే పట్టాలి, లేదంటే ఆ ద్రావకం రబ్బరు పొరను తినేస్తుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లతో కడిగిన కార్లకు పడే తెల్ల మచ్చలను క్లే తియ్యలేదు, అవి సున్నపు మచ్చలు, ఆమ్లం ఉన్న వాటర్ స్పాట్ రిమూవర్ కావాలి. సిమెంటు చుక్కల మీద క్లే రుద్దితే మరీ ప్రమాదం: ఊడిన రేణువే గీస్తుంది. ముందు సిమెంటు కరిగించే ద్రావణం వాడాలి.

మ్యాట్ (మెరుపు లేని) పెయింటుకు క్లే వద్దు, మెరుపు మరకలు పడతాయి. సిరామిక్ కోటింగ్ ఉంటే తప్పనిసరైతేనే, అదీ ఫైన్ గ్రేడే. పాత వ్యాక్స్ కూడా క్లేతో పోతుంది కాబట్టి అదే రోజు పెయింటును కాపాడే వ్యాక్సో సీలెంటో పట్టించాలి. కవరు పరీక్షలో నున్నగా తగిలినంత కాలం క్లే జోలికి వెళ్లనక్కర్లేదు.

తెల్ల, వెండి రంగు కార్లకు ఫైన్ టవల్ ఒక్కటి చాలు, సన్నగీతలు వాటి మీద అంతగా కనిపించవు. పొర అరిగి పెయింటుకు పనికిరాకుండా పోయిన టవల్‌ను పారేయకండి, అద్దాలకు ఇంకా చాన్నాళ్లు వస్తుంది.