మడ్డిలో గడ్డి మందు: డైజెస్టర్ మేలా, కంపోస్టు మేలా?

ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) మడ్డిని పొలానికి తోలుకోవచ్చా అని అడిగేవాళ్లు ఈ మధ్య ఇంకో ప్రశ్న కూడా వేస్తున్నారు: అందులోకి చేరిన గడ్డి మందు డైజెస్టర్‌లో (గాలి చొరకుండా మడ్డిని కుళ్లబెట్టే మూత ట్యాంకులో) పోతుందా, కంపోస్టు చేస్తే పోతుందా?

నా లెక్కలో దీన్ని తేల్చేది గాలి. 2,4-డి అనే గడ్డి మందు సంగతే చూడండి. దాన్ని తినే బ్యాక్టీరియా ముందు పక్క గొలుసును తెంపుతుంది. మిగిలిన డైక్లోరోఫినాల్ వలయాన్ని ఆ తర్వాత విప్పుతుంది, క్లోరిన్ ఉప్పుగా బయటికొస్తుంది. మొదటి తెంపుకే ఆక్సిజన్ కావాలి, వలయం విప్పడానికీ కావాలి. తిరగేస్తూ ఉండే కంపోస్టు కుప్పలో ఆ పని చకచకా సాగుతుంది. గాలి చొరని డైజెస్టర్‌లో 35 డిగ్రీల దగ్గర 20 రోజులు ఉంచినా నత్తనడకే. పైగా అక్కడ సేంద్రియ పదార్థం సగం దాకా గ్యాసైపోతుంది. మందు విరగకుండా ఉండిపోతే, పాలు ఇగిరేకొద్దీ తీపి పెరిగినట్టు, కిలో మడ్డిలో దాని వాటా పెరుగుతుంది.

అలాగని డైజెస్టర్‌ను తీసిపారేయలేం. ట్రైఫ్లురాలిన్ లాంటి గడ్డి మందులు నీళ్లలో నిలవవు, మడ్డికే అంటుకుంటాయి. దాని నైట్రో గుంపులు గాలి లేనిచోటే తొందరగా అమైన్లుగా మారతాయి. నీరు నిలిచిన నేలలో అది త్వరగా తగ్గేది అందుకే.

గ్లైఫోసేట్ అనే గడ్డి మందు అయితే విరిగి ఏఎంపీఏ అనే పదార్థంగా మారి, ఆ రూపంలో చాలాకాలం ఉండిపోతుంది. గాలి ఊదే ట్యాంకులు పని చేస్తాయి, కరెంటు బిల్లు భరించగలిగితే. ఉత్త ఎండబెట్టడం వల్ల తగ్గేది ముఖ్యంగా నీళ్ల బరువే.

కాబట్టి వీలుంటే ముందు డైజెస్టర్, తర్వాత కంపోస్టు. ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు కంపోస్టుకే.

అయితే రిపోర్టులో అంకె తగ్గిందని మురిసిపోవద్దు. పొట్టు, చెక్క ముక్కలు కలిపినందుకు పలచబడి ఉండొచ్చు. 55 డిగ్రీల వేడిలో 15 రోజులు, ఐదుసార్లు తిరగేయాలన్న అమెరికా నిబంధన కూడా రోగక్రిముల కోసం పెట్టింది, మందుల కోసం కాదు. కలిపే గడ్డే మందు మోసుకొస్తే ఇంకా చిక్కు. 2000 ప్రాంతంలో అమెరికాలోని స్పోకేన్‌లో లాన్ గడ్డి కంపోస్టు వేసిన తోటల్లో టమాటా మొక్కలు దెబ్బతిన్నాయి. లాన్ గడ్డితో వచ్చిన క్లోపిరాలిడ్ అనే గడ్డి మందు కుప్ప వేడిని తట్టుకుని మిగిలిపోయింది.

అందుకే పొలానికి తోలేముందు రెండు కుండీలు పెట్టండి: ఒకదాంట్లో మామూలు మట్టి, రెండోదాంట్లో ఆ మట్టికే కంపోస్టు కలిపి. రెండింట్లోనూ చిక్కుడు గింజలు వేసి రెండు మూడు వారాలు చూడండి. కంపోస్టు కుండీలో మాత్రమే కొత్త ఆకులు దొప్పల్లా ముడుచుకుంటే ఆ లోడు వద్దు. ఈ పరీక్షకు దొరికేవి 2,4-డి, క్లోపిరాలిడ్ తరహా మందులే. మిగతావాటికి ల్యాబే దిక్కు.