పాత కారులో పదే పదే వెలిగే ఇంజన్ లైటు: చిన్న ఓబీడీ స్కానర్‌ను చాలాకాలం వాడాక

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే ఈ బ్లూటూత్ స్కానర్‌ను నా పాత పెట్రోల్ కారుకు చాలాకాలంగా వాడుతున్నాను. ఓబీడీ అంటే కారు తన లోపాలను తానే కనిపెట్టి చెప్పే వ్యవస్థ. నాది ఈఎల్‌ఎమ్ 327 అనే చిప్ ఆధారంగా చేసిన రకం. ఫోన్‌లో యాప్ వేసుకుని, స్టీరింగ్ కింది 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చితే చాలు. ఆ సాకెట్ అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి తప్పనిసరి, కాబట్టి చాలా పాత బళ్లకూ పనిచేస్తుంది. కారు చూపించే లోపం కోడ్ చదవడానికే అయితే దీని గురించి ఇంత రాయక్కర్లేదు, ఆ పని ఏ స్కానరైనా చేస్తుంది.

నా కారు మొరాయింపు పీ0118 కోడ్. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ది, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం వేడిని కొలిచేది. వర్క్‌షాప్‌లో సెన్సర్ మార్చారు, లైటు ఆరింది. కొన్నాళ్లకు మళ్లీ వెలిగింది. ఇంకో సెన్సర్ వేశారు, కథ మళ్లీ మొదటికొచ్చింది. లైటు వెలిగినప్పుడల్లా రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరిగేది, వేడి మీదున్న ఇంజన్ స్టార్ట్ కావడానికి సతాయించేది, పెట్రోల్ మాత్రం తెగ తాగేది.

నిజానికి పీ0118 సెన్సర్ పోయిందని చెప్పదు. ఆ సర్క్యూట్‌లో ఓల్టేజి ఉండాల్సినదాని కంటే ఎక్కువగా ఉందని, అంతే. ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, 5 ఓల్టులను ఒక రెసిస్టర్ మీదుగా సెన్సర్‌కు పంపుతుంది. ఇంజన్ వేడెక్కేకొద్దీ సెన్సర్ రెసిస్టెన్స్ తగ్గుతుంది, దాంతో ఓల్టేజి కూడా దిగుతుంది. వైరు ఎక్కడైనా తెగితే ఆ 5 ఓల్టులు అలాగే నిలిచిపోతాయి. ఈసీయూ లెక్కలో అది గడ్డకట్టే చలి, అందుకే స్కానర్‌లో మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తుంది.

నాకు దారి చూపింది ఫ్రీజ్ ఫ్రేమ్. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఏ స్థితిలో ఉందో ఈసీయూ రాసిపెట్టుకునే చిట్టా అది. అందులో కూలెంట్ మైనస్ 40, లోపలికి పీల్చే గాలి మాత్రం 30 పైన! రోడ్డు మీద పరుగెడుతున్న ఇంజన్‌లో ఇది జరిగే పని కాదు. పాడవుతున్న సెన్సరైతే సాధారణంగా అంకెలు కొంచెం కొంచెంగా గాడి తప్పుతాయి, ఇలా ఒక్కసారిగా అడుగుకు పడిపోతే ముందు వైరునే అనుమానించాలి. కోడ్ క్లియర్ చేస్తే ఈ చిట్టా కూడా చెరిగిపోతుంది. బండి రాగానే ముందు కోడ్ చెరిపేసి ఆ తర్వాత వెతకడం మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే.

మామూలుగా చెప్పే పరీక్ష ఒకటుంది. కనెక్టర్ ఊడదీస్తే మైనస్ 40 రావాలి, దానిలోని రెండు పిన్నులను చిన్న వైరుతో కలిపితే అంకె పైకి ఎగబాకి గరిష్ఠానికి చేరాలి. రెండూ సరిగ్గా వస్తే వైరింగ్ బాగున్నట్టు, సెన్సర్‌ను అనుమానించాలి. నా కారు ఈ పరీక్షలో దర్జాగా పాసైంది. వచ్చిపోయే లోపాలతో వచ్చిన తంటా ఇదే, పరీక్ష పెట్టిన నిమిషంలో అన్నీ బాగానే ఉంటాయి.

అందుకని ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, ఫోన్‌లో కూలెంట్ వేడి గ్రాఫ్ పెట్టుకుని, ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా చేయి పెట్టి వైరును కొద్దికొద్దిగా కదిలిస్తూ వెళ్లాను. గీత 90 దగ్గర నిలకడగా ఉంది. కనెక్టర్‌ను ఊపినా కదల్లేదు. దానికి జానెడు దూరంలో వైరింగ్ ఒక బ్రాకెట్ చుట్టూ వంపు తిరుగుతుంది. అక్కడ వేలితో నొక్కగానే గీత నిట్టనిలువునా కిందికి పడింది, వదలగానే 90కి వచ్చేసింది. పైన వైరు తొడుగు మీద చిన్న గాటు కూడా లేదు. ఇంజన్ ఆపి మెల్లగా లాగితే ఆ ఒక్కచోట తొడుగు రబ్బరులా సాగింది. లోపల రాగి తీగ ఎప్పుడో తెగింది, రెండు కొసలూ ఒకదాన్నొకటి తాకుతూ నెట్టుకొస్తున్నాయి. ఆ ముక్క తీసేసి, కాస్త పొడవైన కొత్త వైరు అతికి సోల్డర్ చేసి, వేడికి బిగుసుకునే తొడుగు (హీట్ ష్రింక్ స్లీవ్) వేయించాను. ఆ కోడ్ మళ్లీ రాలేదు.

స్కానర్ లోపాలూ చెప్పాలి. నాది తన వెర్షన్ 1.5 అని చూపిస్తుంది. అసలు చిప్ తయారీదారు ఆ నంబరుతో ఏనాడూ చిప్ విడుదల చేయలేదు, అంటే శుద్ధ నకలు! అప్పుడప్పుడూ బ్లూటూత్ తెగిపోతుంది. పాత కార్లు స్కానర్‌తో మాట్లాడే పద్ధతి (ప్రోటోకాల్) నెమ్మది, ఒకేసారి ఆరేడు రీడింగులు పెట్టుకుంటే గ్రాఫ్ గెంతులు వేస్తుంది, క్షణంపాటు వచ్చే లోపం ఆ గెంతుల మధ్య జారిపోతుంది. చూడాల్సిన ఒకటో రెండో మాత్రమే పెట్టుకోండి. సాకెట్‌లోని 16వ పిన్నుకు తాళం తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది, కారును రోజుల తరబడి కదపకపోతే స్కానర్ ఊడదీసి ఉంచాలి, లేదంటే బ్యాటరీ దిగిపోతుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్ల కోసమైతే దీన్ని కొనకండి, నాది వాటిని అసలు చదవదు.