ఇసుకరాయి చరిత్ర తేల్చడానికి ఏది మేలు: జల్లెడా, థిన్ సెక్షనా, బయటి పొరలా?

డిసర్టేషన్ల సీజన్ వస్తే చాలు, జియాలజీ ఎమ్మెస్సీ పిల్లలు అడిగేది ఇదే: "సార్, ఏ పద్ధతి పెట్టుకోమంటారు?" ఇసుక ఎక్కడ ఆగింది, ఎక్కడి నుంచి వచ్చింది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రెంటికీ ఒకే మందు లేదు.

మొదటిదానికి చాలామంది జల్లెడ పట్టి రేణువుల పరిమాణం లెక్కలు కట్టే వైపు వెళ్తారు. 1957 నాటి ఫోక్–వార్డ్ సూత్రాలతో సార్టింగ్ (రేణువులు ఎంతవరకు ఒకే సైజులో ఉన్నాయి), స్క్యూనెస్ (సైజులు ముతక వైపు మొగ్గాయా, సన్న వైపా) కట్టి గ్రాఫ్‌లో చుక్క పెడితే ఏరో ఎడారో తేలిపోతుందని ఆశ. నాకు నమ్మకం తక్కువ. గోదావరి లోయలోని సుల్లవాయి రాళ్లు ప్రొటెరోజోయిక్ (సుమారు 250 కోట్ల నుంచి 54 కోట్ల ఏళ్ల కిందటి కాలం) నాటివి. నేల మీద మొక్కలు వచ్చింది దాదాపు 47 కోట్ల ఏళ్ల కిందటే. వీటి కాలానికి ఇసుకను పట్టి ఉంచే వేళ్లే లేవు. ఏటి ఇసుకను కూడా గాలి ఇష్టమొచ్చినట్టు దొర్లించేది. కాబట్టి గుండ్రటి రేణువు దొరికితే అది ఎప్పుడో గాలిలో తిరిగిందనే అర్థం, ఎడారిలో ఆగిందని కాదు. పైగా సిలికాతో బిగిసిన రాయిని దంచితే రేణువులే పగులుతాయి, జల్లెడకు ఇంకేం మిగులుతుంది?

అదే సుల్లవాయిలోని వెంకట్‌పూర్ ఇసుకరాయిని ఎడారి దిబ్బలుగా గుర్తించింది బయటికి కనిపించే రాతిలోని పొరలు చూసే. దిబ్బ వాలు మీద జారిన ఇసుక నాలుకలు కిందికి వచ్చేసరికి సన్నబడి ఆగిపోతాయి. పక్కనే మిల్లీమీటర్ల మందాన గాలి అలల పొరలు, ఒక్కోదాంట్లో కింద సన్న ఇసుక, పైన ముతక. గుండ్రదనం పాత చోటు నుంచి వెంట రావచ్చు; పొర మాత్రం ఇసుక ఆగిన చోటే ఏర్పడాలి. అందుకే నా ఓటు దీనికి.

పుట్టిన చోటు అడిగితే థిన్ సెక్షన్, అంటే మైక్రోస్కోప్ కింద చూడటానికి పల్చగా అరగదీసిన రాతి ముక్క. సింగరేణి బొగ్గుండే బరాకర్ ఇసుకరాళ్లలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బాగానే ఉంటుంది, గ్రానైట్, నైస్ (చారల రాయి) కొండల వైపు వేలు చూపిస్తూ. అయితే పూడుకున్నాక అందులో కొంత కెయోలిన్‌గా (తెల్లటి బంకమట్టిగా) మారుతుంది. దాన్ని మామూలు బంకమట్టి కింద లెక్కేస్తే ఫెల్డ్‌స్పార్ తక్కువగా తేలి కథ తిరగబడుతుంది. క్రాస్ బెడ్ల (పెద్ద పొరలో ఏటవాలుగా ఉండే చిన్న పొరల) వాలు దిశలు కొలిచి జతచేస్తే ఇసుక ఏ వైపు నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది; కంపాస్ ఒక్కటీ చాలు.

జిర్కాన్ అనే గట్టి ఖనిజపు రేణువుల వయసులు గొప్పవే, ఖర్చూ గొప్పదే. పాత ఇసుకరాయి అరిగి కొత్తది ఏర్పడినా జిర్కాన్ చెక్కుచెదరదు, కాబట్టి మొదటి పుట్టిల్లే చెబుతుంది, మధ్య మజిలీ చెప్పదు. బరువు ఖనిజాలు (ఇసుకలో కొద్దిగా ఉండే, సాంద్రత ఎక్కువైన రేణువులు) తోడుగా పనికొస్తాయి. ఇంత పాత రాళ్లలో రేణువు మీది గీతల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో వెతకడం వృథా.

డిసర్టేషన్ టైటిల్ ఇచ్చేముందు ఒకసారి వెళ్లి రాయి బయటికి ఎంత కనిపిస్తుందో చూసి రండి. చేతిలో నాలుగు కోర్ ముక్కలే (బోరు వేసి తీసిన రాతి ముక్కలే) ఉంటే పొరల మాట పక్కన పెట్టి, థిన్ సెక్షన్‌తో మొదలెట్టండి.