అర్థమున్న పేరా, మామూలు పేరా? పాత్రకు ఏది మేలు?

కథలో పాత్రకు పేరు పెట్టడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. స్వభావాన్ని చాటే పేరు పెట్టడం ఒకటి. ఆ కాలంలో, ఆ వయసువాళ్లలో ఎవరికైనా ఉండదగిన మామూలు పేరు పెట్టడం రెండోది. నా ఓటు చాలావరకు రెండోదానికే. అలాగని మొదటిదాన్ని తీసిపారేయలేం, ఎదురుగా ‘కన్యాశుల్కం’ ఉంది.

1892లో రంగస్థలమెక్కి, 1897లో అచ్చయిన గురజాడ నాటకంలో పిసినారి లుబ్ధావధాన్లు, ముక్కుమీద కోపమున్నవాడు అగ్నిహోత్రావధాన్లు, మంచివాడు సౌజన్యారావు పంతులు. పేరు వినగానే సగం నవ్వు వచ్చేస్తుంది, వేరే పరిచయం అక్కర్లేదు. హాస్యానికీ వ్యంగ్యానికీ ఇంతకన్నా దగ్గరి దారి లేదు. అయితే కథనంతా తిప్పే గిరీశానికి మాత్రం అలాంటి పేరు లేదు. పూటకో వేషం వేసే మనిషిని ఒక్క గుణానికి కట్టేస్తే అతనికి ఊపిరాడదు. సౌజన్యారావు పంతులు పేరుకు తగ్గట్టే ఉంటాడు, బహుశా అందుకే గిరీశం గుర్తున్నంతగా గుర్తుండడు.

అర్థమున్న పేరుతో చిక్కే అది. ఒక అధికారికి సత్యమూర్తి అని పేరు పెట్టి, పదో పేజీలో అతని చేత లంచం తీయించారనుకోండి. పాఠకుడు ఉలిక్కిపడడు. ‘ఓహో, ఎత్తిపొడుపా!’ అనుకుంటాడు. పాత్రను వదిలేసి రచయిత వైపు చూస్తాడు.

మామూలు పేరు బోసిగా ఉంటుందని భయపడేవాళ్లకు జేమ్స్ బాండ్ ఉన్నాడు. ఇయాన్ ఫ్లెమింగ్ కావాలనే ఏ మెరుపూ లేని పేరు వెతికాడు. వెస్టిండీస్ పక్షుల మీద పుస్తకం రాసిన ఒక శాస్త్రవేత్త పేరు తీసుకుని, 1953లో వచ్చిన తొలి నవలలో తన గూఢచారికి పెట్టాడు. ఆ పేరుకున్న తళుకంతా తర్వాత పాత్ర సంపాదించిపెట్టిందే.

మామూలు పేరుకు ఇంకో సుఖముంది. సుబ్బలక్ష్మినే తీసుకోండి. ఆఫీసులో ‘సుబ్బలక్ష్మి గారూ’, అక్కకు ‘సుబ్బూ’, గిట్టనివాళ్లకు ‘ఆ సుబ్బి’. ఎవరికి ఆమె ఏమవుతుందో ఒక్క పిలుపుతో తెలిసిపోతుంది, వర్ణించే పని తప్పుతుంది. ‘అన్వీక్ష’ను ఇలా సాగదీయడం, కుదించడం కష్టం.

కల్పిత లోకాల కథలకు మూడో దారి తప్పదు, పేర్లు కొత్తగా పుట్టించాల్సిందే. అప్పుడు పేరు చివర ‘ని’, ‘కి’, ‘తో’ చేర్చి పైకి చదవండి. నాలుక తడబడితే ఆ పేరు వద్దు. నవల పొడవునా పాఠకుడు దాన్ని మోయాలి మరి.

మామూలు పేర్లలోనూ ఒక గొయ్యి ఉంది. రమ, రమణ, రాము, రామం ఒకే ఇంట్లో చేరితే, ఎవరు ఎవరి మీద అలిగారో తెలియక పాఠకుడు వెనక్కి తిప్పుకోవాలి. ఇద్దరి పేర్లు ఒకే అక్షరంతో మొదలైతే చిన్న పాత్రది మార్చేయండి. ఒక్కసారి తలుపు తట్టి వెళ్లిపోయే పోస్ట్‌మాన్‌కైతే అసలు పేరే అక్కర్లేదు.