నాలుగేళ్ళు వాడిన మా కాలేజీ వర్క్‌షాప్, ల్యాబులు: ఒక సివిల్ స్టూడెంట్ అనుభవం

మా చిన్నాన్న కూతురు ఈ ఏడాది ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి వెళ్తోంది. సివిల్ తీసుకుంటానంటోంది. "అన్నయ్యా, ల్యాబులు ఎక్కడ బాగుంటాయి?" అని నెల రోజుల నుంచి అడుగుతోంది. ఫోన్‌లో సగం సగం చెప్పేకన్నా ఒకేసారి రాసేస్తే తనకీ, తనలాంటి ఇంకొందరికీ పనికొస్తుందని కూర్చున్నాను. నేను విజయనగరం జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీలో చదివాను, పేరు చెప్పను. రెండేళ్ళుగా శ్రీకాకుళంలో సైట్ ఇంజనీరుగా చేస్తున్నాను కాబట్టి అప్పుడు నేర్చుకున్నదాంట్లో ఏది చేతికి మిగిలిందో ఇప్పుడు బాగా తెలుస్తోంది.

మొదటి ఏడాది వర్క్‌షాప్ అంటే మాకు ఒక రేకుల షెడ్డు. ఏప్రిల్ వచ్చిందంటే లోపల నిలబడలేం. ఫ్యాన్లు తిరిగినా వేడిగాలే. ఫిట్టింగ్, కార్పెంటరీ, రేకు పని, హౌస్ వైరింగ్, ఫౌండ్రీ అన్నీ అక్కడే. సివిల్ వాళ్ళకి ఇనుప ముక్కలు అరగదీసే పనేంటని మా బ్యాచ్‌లో చాలామంది విసుక్కున్నారు, నేనూ విసుక్కున్నాను. కానీ నాలుగేళ్ళలో నాకు ఎక్కువ నేర్పింది ఆ షెడ్డే.

ఫిట్టింగ్‌లో రెండు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ముక్కలు ఇస్తారు. ఒకదానికి వి ఆకారంలో గాడి కొయ్యాలి, రెండోది ఆ గాడిలో కూర్చోవాలి. హాక్‌సాతో కోసి, ఆకురాయితో రుద్ది, మూలమట్టం పెట్టి చూసుకుంటూ పోవాలి. చెప్తే పది నిమిషాల పనిలా ఉంటుంది. మొదటి రోజు నేను ఆకురాయిని ముందుకీ వెనక్కీ ఒకే బలంతో లాగుతుంటే షెడ్డులో మాస్టారు వచ్చి, ఆయన అంతకుముందు జూట్ మిల్లులో ఫిట్టర్, నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఏటి బాబూ, గిన్నె తోముతున్నావా? పళ్ళు ఒకవైపే ఉన్నాయి. ముందుకి తోసేటప్పుడే కోస్తాది, వెనక్కి వచ్చేటప్పుడు బరువు తీసెయ్యాల." అంతే చెప్పి పక్క బెంచీకి వెళ్ళిపోయారు. అప్పటినుంచి రెండు గంటలు రుద్దాను. రెండు ముక్కలూ కలిపి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే మధ్యలో సన్నగా వెలుతురు గీత కనిపించింది. ఎక్కడ వెలుగు కనిపిస్తే అక్కడ లోటు అన్నమాట. ఆ గీత పోగొట్టబోయి రెండో వైపు ఎక్కువ అరగదీసేశాను, ముక్క పాడైపోయింది. మాస్టారు తిట్టలేదు, రికార్డులో మార్కులూ కొయ్యలేదు. మూలనున్న స్క్రాప్ డబ్బా చూపించి ఇంకో ముక్క తీసుకోమన్నారు. నాకు సరిగ్గా కుదిరింది మూడో ముక్కకి.

ఆ స్క్రాప్ డబ్బా గురించి ఎందుకు చెప్తున్నానంటే, ల్యాబు మంచిదా కాదా అన్నది నాకు ఇప్పుడు దాంతోనే తెలిసిపోతుంది. పాడైన ముక్కలు గుట్టగా ఉన్నాయంటే పిల్లల చేతికి పని ఇస్తున్నారని అర్థం. యంత్రాలకి కవర్లు కప్పి, నేల తళతళలాడుతూ, డబ్బా ఖాళీగా ఉంటే నాకు అనుమానం వస్తుంది.

ఇక కాంక్రీట్ ల్యాబు. ఇది మూడో ఏడాదిలో. మంచీ చెడూ రెండూ గట్టిగా తగిలింది ఇక్కడే. 150 మిల్లీమీటర్ల క్యూబు పొయ్యాలి, మూడు పొరలుగా, ఒక్కో పొరకి 16 మిల్లీమీటర్ల రాడ్‌తో కనీసం 35 పోట్లు, పైన తాపీతో సాపు చెయ్యాలి, మర్నాడు అచ్చు విప్పి నీళ్ళ తొట్లో వెయ్యాలి, 28 రోజులయ్యాక విరగ్గొట్టాలి. మాది ఎం20 మిక్స్. పారతో కలపడం కష్టంగా ఉందని మేం నలుగురం ఎవరికీ చెప్పకుండా ఇంకో మగ్గు నీళ్ళు పోసేశాం. పాయసంలా జారుతూ భలే తేలిగ్గా కలిసింది. క్యూబు పైకి చూస్తే నున్నగా, అందరివాటికన్నా అందంగా ఉంది. 28 రోజుల తర్వాత క్యూబుని నొక్కి విరగ్గొట్టే మెషీన్‌లో పెడితే 290 కిలోన్యూటన్ల దగ్గరే ముల్లు ఆగి వెనక్కి పడిపోయింది. క్యూబు ముఖం 22,500 చదరపు మిల్లీమీటర్లు కదా, ఎం20 అంటే చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్లు, అంటే కనీసం 450 కిలోన్యూటన్లు రావాలి. లెక్కేస్తే మాకు ఆ 20కి 13 కూడా రాలేదు. ఒక మగ్గు నీళ్ళు చేసిన పని అది. నీళ్ళెక్కువైతే కాంక్రీటు బలం తగ్గుతుందని పుస్తకంలో అప్పటికి నాలుగుసార్లు చదివి ఉంటాను, ఆ ముల్లు పడిపోవడం చూశాకే బుర్రకెక్కింది. ఇప్పుడు సైట్లో స్లాబు రోజున మేస్త్రి "సార్, గట్టిగుంది, ఇంకో బకెట్టు పోద్దుమా" అంటే నాకు ఆ 290 గుర్తొస్తుంది. వెంటనే కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసే స్లంప్ కోన్ తెమ్మంటాను. 300 మిల్లీమీటర్ల కోన్ నింపి పైకి ఎత్తాక ఎంత కిందకి దిగిందో స్కేలు పెట్టి చూపిస్తే అవతల మనిషికి వేరే పాఠం చెప్పక్కర్లేదు.

చెడు ఏంటంటే, ఆ మెషీన్ ఒక్కటే ఉంది. మా తర్వాతి సెమిస్టర్‌లో ఆయిల్ లీకై ఆగిపోతే రెండు సెమిస్టర్లు బాగుచేయించలేదు. జూనియర్లు క్యూబులు పోశారు, తొట్లో వేశారు, 28 రోజులు ఆగారు, చివరికి బోర్డు మీద పాత రీడింగులు రాసి ఎక్కించుకోమన్నారు. నాకు ఇప్పటికీ ఇది బాధగానే ఉంటుంది. ఫీజులో ల్యాబు డబ్బులు కట్టించుకుని క్యూబు విరగ్గొట్టనివ్వకపోవడం తప్పు, దీన్ని ఇంకోలా చెప్పలేను. ఒక బ్యాచ్ మొత్తం వాళ్ళు పోసిన క్యూబు ఎంత మొయ్యగలదో తెలీకుండానే సర్టిఫికెట్లు తీసుకుని వెళ్ళిపోయింది.

సర్వే విషయానికొస్తే, దూరాలూ కోణాలూ కొలిచే టోటల్ స్టేషన్ ఒక్కటే, అరవై మందిమి. ఒక్కొక్కరికీ కంటితో చూసే వంతు నాలుగు నిమిషాలు వచ్చిందేమో, బటన్లన్నీ సారే నొక్కేవారు. అదేమంటే పడిపోతే లక్షల ఖరీదు అనేవారు. దాని మీద నేను నేర్చుకున్నది ఏమీ లేదు, ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాను. ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్ మాత్రం మాకే వదిలేశారు, అది మా అదృష్టం. రామతీర్థం వైపు క్యాంపుకి వెళ్ళినప్పుడు కిలోమీటరు చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి లెక్క మూసేసరికి ఎత్తులో 110 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. మామూలు పనికి కిలోమీటరుకి 24 దాకా ఒప్పుకుంటారు. టెన్షన్‌తో రాత్రి పదకొండు దాకా రీడింగులు కూడుకుంటూ కూర్చున్నాం, కూడికల్లో తప్పు లేదు. తెల్లారి మళ్ళీ అదే దారిలో నడిస్తే దొరికింది. నాలుగు మీటర్ల స్టాఫ్‌లో, అంటే రీడింగు చదివే కొలతల కర్రలో, పై మడత పూర్తిగా లాగలేదు, లాక్ టిక్కుమనకుండానే పట్టుకుని నిలబడ్డాడు మావాడు. కింది మడతల్లో చదివినవన్నీ సరిగ్గా ఉన్నాయి, పల్లంలో దిగి పై మడత చదివిన రెండు చోట్లే తప్పు. సార్ కావాలనుకుంటే మొదటి రోజే చూసి చెప్పగలరు, చెప్పలేదు. అలా వదిలేసినందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి.

త్రీడీ ప్రింటర్లు నాలుగో ఏడాదిలో వచ్చాయి. రెండు. తాళం ఒకరి దగ్గర, సంతకం ఇంకొకరిది. నేను మూడుసార్లు వాడాను. మన వైపు వానాకాలం తేమకి ప్లాస్టిక్ తీగ చెమ్మ పీల్చుకుని, ముక్కు దగ్గర చిటపటలాడుతూ, బొమ్మ నిండా బూజులా పోగులు వస్తాయి. తీగ చుట్టని మూతపెట్టిన డబ్బాలో సిలికా జెల్ వేసి దాచాలని ఎవరైనా ముందు చెప్పుంటే రెండు చుట్టలు మిగిలేవి. ఇంతకుమించి దాని గురించి చెప్పడానికి నాకేం లేదు.

నా స్కూలు ఫ్రెండ్ ఒకమ్మాయి విశాఖలో ఆర్కిటెక్చర్ చదివింది, అది అయిదేళ్ళ కోర్సు. వాళ్ళ స్టూడియోలో ఎవరి బల్ల వాళ్ళదే, సగం కట్టిన మోడల్ బల్ల మీదే వదిలేసి మర్నాడు వచ్చి అందుకోవచ్చు. నాకు అసూయ కలిగింది దానికే. మాకు ల్యాబు గంట కొట్టగానే అన్నీ సర్దెయ్యాలి. ఒకసారి తను కొలతల డ్రాయింగ్ కోసం మన తీరం ఊళ్ళకి చుట్టిళ్ళు చూడ్డానికి వస్తే టేపు రెండో కొస పట్టుకోడానికి నేనూ వెళ్ళాను. తాటాకు చూరు ఎంత కిందకి ఉందంటే బాగా వంగితే గానీ లోపలికి వెళ్ళలేం. గుండ్రటి మట్టిగోడకి మూల అనేదే లేదు, టేపు ఎక్కడ పెట్టాలో కాసేపు తెలీలేదు. చివరికి మధ్యలో మేకు పాతి తాడు కట్టి చుట్టూ తిరిగాం. తుపాను గాలికి ఎదురు నిలబడే గోడ ఏ వైపూ ఉండదని, చూరు కిందకి ఉంటే గాలి కప్పు కిందకి దూరడం కష్టమని ఆ ఇంటి అవ్వే చెప్పింది. 2018లో తిత్లీ తుపాను చూసిన జిల్లా ఇది, ఆవిడ మాట మాకు బాగా ఎక్కింది. ఇలాంటి ఒక్క రోజు మా సివిల్ సిలబస్‌లో కూడా ఉంటే ఎంత బాగుండేది.

కాబట్టి చెల్లీ, కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు యంత్రాల లిస్టు చూసి మురిసిపోకు. వర్క్‌షాప్‌లో ముక్కని బిగించే వైస్ దవడలు తాకి చూడు, రోజూ వాడేవి మెరుస్తుంటాయి, లేకపోతే తుప్పు చేతికి అంటుతుంది. నీళ్ళ తొట్లో క్యూబులున్నాయా, వాటి మీద ఈ నెల తేదీలున్నాయా చూడు. సీనియర్లని పక్కకి పిలిచి టోటల్ స్టేషన్ నువ్వే సెట్ చేశావా అని అడుగు.

మా కాలేజీలో క్యూబులు విరగ్గొట్టే ఆ మెషీన్ ఇప్పుడు పనిచేస్తోందట. పోయిన వారం ఒక జూనియర్ విరిగిన క్యూబు ఫోటో పంపి, బలం బాగా తక్కువొచ్చింది అన్నా, ఎందుకంటావు అని అడిగాడు. ఏ వైపు పైకి పెట్టారని అడిగాను. తాపీతో సాపు చేసిన వైపు పెట్టారట. ఆ వైపు ఎంత నున్నగా కనిపించినా సమంగా ఉండదు, అచ్చు ఇనుముకి ఆనిన పక్క ముఖాలే పైనా కిందా రావాలి అని చెప్పాను. మూడింట్లో ఇంకా రెండు క్యూబులు మిగిలాయట, సోమవారం పక్కకి తిప్పి పెడతామన్నాడు.